అమెరికాలో కొత్త ట్యాక్స్ చట్టం వచ్చిందంటే చిన్న బిజినెస్ వాళ్ళు ముందు ఏం చూడాలి, తర్వాత ఏం చేయాలి

2025 మే నెల గుర్తుందా? ఇండియాకి పంపే డబ్బు మీద 5 శాతం ట్యాక్స్ అంట అని మన వాట్సాప్ గ్రూపులన్నీ ఊగిపోయాయి. నాకు తెలిసిన ఒకాయనైతే షాపులో సరుకు కోసం పక్కన పెట్టిన డబ్బులు కూడా కలిపి రాత్రికి రాత్రి ఊరికి పంపేశాడు, రెండు వారాల తర్వాత డిస్ట్రిబ్యూటర్‌కి కట్టాల్సి వచ్చి క్రెడిట్ కార్డు గీకాడు. ఇంతా చేస్తే ఆ 5 శాతం హౌస్‌లో ఓటు పడేనాటికి 3.5 అయింది, సెనేట్ దాటి చట్టం అయ్యేనాటికి 1 శాతానికి దిగింది, అదీ క్యాష్, మనీ ఆర్డర్, క్యాషియర్స్ చెక్ లాంటివి చేతికిచ్చి పంపితేనే, అదీ 2026 జనవరి 1 నుంచి. బ్యాంక్ అకౌంట్ నుంచో ఇక్కడి డెబిట్ కార్డుతోనో పంపేవాళ్ళకి పైసా లేదు.

బిజినెస్ నడిపేవాళ్ళం ట్యాక్స్ చట్టాల విషయంలో చేసేది కూడా సరిగ్గా ఇదే, కాకపోతే ఇంకా పెద్ద మొత్తాల్లో. హెడ్డింగు చదివేసి ఖర్చు పెట్టేస్తాం, లేదా చేతులు ముడుచుకుని కూర్చుంటాం. నేను సీపీఏని (లైసెన్స్ ఉన్న అకౌంటెంట్‌ని) కాదండి, టెక్సాస్‌లో ఒక ఇండియన్ గ్రోసరీ నడుపుతా, ఒక మోటెల్‌లో కొంచెం వాటా ఉంది. ఇన్నేళ్ళు ఫారాలతో కుస్తీ పట్టాక నాకు అర్థమైంది ఏంటంటే శాతాల దగ్గర ఎవరూ పెద్దగా దెబ్బ తినరు, తేదీల దగ్గర తింటారు. 2025 జులై 4న సంతకం అయిన వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్ చట్టాన్నే ఉదాహరణగా పెట్టుకుని నేను ఏ వరసలో చూస్తానో చెప్తా, రేపు ఇంకో చట్టం వచ్చినా వరస ఇదే.

స్టెప్ 1: అది బిల్లా, చట్టమా

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బిల్లు పెట్టిన రోజే మనోళ్ళు యూట్యూబ్‌లో వీడియోలు పెట్టేస్తారు. 2025 సెప్టెంబర్‌లో ఒహాయో సెనేటర్ బెర్నీ మొరెనో హైర్ యాక్ట్ అని ఒకటి పెట్టాడు, అమెరికా కంపెనీలు బయటి దేశాలకి ఔట్‌సోర్సింగ్ కింద కట్టే డబ్బు మీద 25 శాతం ట్యాక్స్ అని. హైదరాబాద్‌లో పదిమంది టీమ్ పెట్టుకున్న చిన్న కంపెనీ ఓనర్లు నాకు ఫోన్ చేసి ఇంక మూసేయడమేనా అన్నారు. బాబూ అది ఇంకా సెనేటర్ టేబుల్ మీదున్న కాగితం. హౌస్‌లో పాసవ్వాలి, సెనేట్‌లో పాసవ్వాలి, రెండు చోట్లా ఒకే మాటలు ఉండాలి, ప్రెసిడెంట్ సంతకం పెట్టాలి. జులై చట్టం సంగతే చూడండి, సెనేట్‌లో 50-50 అయితే వైస్ ప్రెసిడెంట్ వాన్స్ ఓటుతో గట్టెక్కింది, హౌస్‌లో 218-214. అంత సన్నటి దారాల మీద నడిచే వాటిని నమ్ముకుని లీజులు సైన్ చేయకూడదు.

చేయాల్సింది చాలా ఈజీ. కాంగ్రెస్ డాట్ గవ్ సైట్‌లో బిల్లు పేరు కొట్టండి, పైన ఒక బాణం గీత లాగ ఉంటుంది, అందులో చివరి గడి "బికేమ్ లా" దాకా వచ్చిందా లేదా చూడండి. రాకపోతే ఫోన్ పక్కన పెట్టి షాపు చూసుకోండి.

స్టెప్ 2: మీ బిజినెస్ ఏ రూపంలో ఉందో కాగితం తీసి చూడండి

చాలామందికి ఇది నిజంగా తెలియదు, "ఎల్ఎల్సీ అండి" అంటారు. ఎల్ఎల్సీ అనేది స్టేట్ దగ్గర పేరు, ఐఆర్ఎస్ (ఫెడరల్ ట్యాక్స్ శాఖ) దృష్టిలో మీరు షెడ్యూల్ సి అయినా కావచ్చు, పార్ట్‌నర్‌షిప్ అయినా, ఎస్ కార్ప్ (లాభం ఓనర్ల సొంత రిటర్న్‌లోకి వచ్చి ట్యాక్స్ పడేది) అయినా, సి కార్ప్ (కంపెనీయే ట్యాక్స్ కట్టేది) అయినా కావచ్చు. పోయినేడు రిటర్న్ తీయండి. 1120-ఎస్ ఉంటే ఎస్ కార్ప్, 1065 ఉంటే పార్ట్‌నర్‌షిప్, ఉత్త 1120 అయితే సి కార్ప్, మీ సొంత 1040 లోపల షెడ్యూల్ సి ఉంటే మీరు ఒక్కరే. ఇది తెలియకుండా చట్టం చదవడం అంటే సైజు తెలియకుండా చెప్పులు కొనడమే.

ఎందుకంటే ఈ చట్టంలో అందరూ మాట్లాడే 20 శాతం క్యూబీఐ డిడక్షన్ (వ్యాపార లాభంలో అంత భాగాన్ని ట్యాక్స్ లెక్కలోంచి తీసేయడం) సి కార్ప్‌కి లేదు, వాళ్ళకి 21 శాతం ఫ్లాట్ రేటు, అది 2018 నుంచి అంతే ఉంది, ఈసారి మారలేదు. మిగతా మూడు రకాలకి 20 శాతం ఉంది. 2025 ఆఖరుతో అయిపోవాల్సినదాన్ని ఇప్పుడు పర్మనెంట్ చేశారు. అంటే షెడ్యూల్ సి మీద లక్ష డాలర్లు మిగిలితే దాదాపు 20 వేల మీద ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదు (సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్‌లో సగం తీసేశాక లెక్క కడతారు కాబట్టి కొంచెం తగ్గుతుంది). కానీ సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద కట్టే ఆ 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ మాత్రం పైసా తగ్గదు, ఇది చాలామంది ఏప్రిల్‌లో కనిపెడతారు.

కన్సల్టింగ్, డాక్టర్లు, లాయర్లు, అకౌంటెంట్లు లాంటి వాళ్ళకి ఇంకో మెలిక, ఆదాయం 2025లో సింగిల్‌కి 197,300, భార్యాభర్తలు కలిపి ఫైల్ చేస్తే 394,600 డాలర్లు దాటిన దగ్గర్నుంచి ఈ డిడక్షన్ కరుగుతూ పోయి మాయం అవుతుంది. 2026 నుంచి ఆ కరిగే దూరాన్ని కొంచెం పొడిగించారు. ఐటీ వాళ్ళు ఇక్కడ జాగ్రత్త, సలహా చెప్పి డబ్బు తీసుకుంటే కన్సల్టింగ్, సాఫ్ట్‌వేర్ రాసిస్తే అది వేరే కథ, కాబట్టి ఇన్‌వాయిస్‌లో అలవాటుగా "కన్సల్టింగ్" అని కొట్టేముందు చేసే పని ఏంటో అదే రాయండి.

ఇంకోటి మనవాళ్ళ స్పెషల్. ఎస్ కార్ప్ పెట్టుకుని, పెట్టుబడి ఇచ్చాడు కదా అని గుంటూరులో ఉన్న బావమరిది పేరు మీద పది శాతం రాస్తారు. నాన్ రెసిడెంట్ ఏలియన్ (ట్యాక్స్ లెక్కలో ఇక్కడి రెసిడెంట్ కాని విదేశీయుడు) షేర్‌హోల్డర్ అయిన రోజే ఎస్ కార్ప్ హోదా పోతుంది, సి కార్ప్ అయిపోతారు. ఆయనకి అప్పు పత్రం రాసివ్వండి కావాలంటే, షేర్ వద్దు. అదే ఆయన ఇండియాలో ఉండి ఒక్కడే ఓనర్‌గా ఇక్కడ ఎల్ఎల్సీ తెరిస్తే ఫారం 5472 అని ఒకటుంటుంది, వేయకపోతే పెనాల్టీ 25,000 డాలర్లు, వ్యాపారం జరగకపోయినా చాలామందికి తాము పెట్టిన పెట్టుబడే రిపోర్ట్ చేయాల్సిన లావాదేవీ అవుతుంది.

స్టెప్ 3: తేదీలు రాసుకోండి, ఒక్కటి కాదు నాలుగు

సంతకం అయిన తేదీ, రూల్ మొదలయ్యే తేదీ, మీరు కొన్న తేదీ, వాడకం మొదలెట్టిన తేదీ. ఆగిపోయే తేదీ కూడా ఉంటే ఐదు.

మా ఫ్రెండ్ రెస్టారెంట్ కథ చెప్తా. 2024 డిసెంబర్‌లో కిచెన్ ఎక్విప్‌మెంట్‌కి కాంట్రాక్ట్ సైన్ చేశాడు, హుడ్డు, ఫ్రీజర్లు, తందూర్ అన్నీ కలిపి. సామాను వచ్చి బిగించింది 2025 మార్చిలో. జులైలో చట్టం వచ్చి 100 శాతం బోనస్ డిప్రిసియేషన్ (సామాను ఖర్చుని ఏళ్ళకి పంచకుండా మొదటి ఏడాదే తీసేయడం) తిరిగొచ్చింది అనగానే స్వీట్లు పంచాడు. ఏప్రిల్‌లో కాగితాలు తిరగేస్తే, 100 శాతం అనేది 2025 జనవరి 19 తర్వాత కొన్నవాటికే, కట్టుబడిపోయే కాంట్రాక్ట్ సైన్ చేసిన రోజే కొన్న రోజు కింద లెక్క. ఈయన సంతకం డిసెంబర్‌ది కాబట్టి పాత రూల్ ప్రకారం 40 శాతమే.

అయితే కథ అక్కడితో అయిపోలేదు, పక్కనే సెక్షన్ 179 అని ఇంకో తలుపుంది. అది కొన్న తేదీ అడగదు, వాడకంలోకి వచ్చిన ఏడాదే అడుగుతుంది. 2025లో దాని లిమిట్ 25 లక్షల డాలర్లు, ఏడాదిలో 40 లక్షల పైన కొంటేగానీ తగ్గదు, మన స్థాయికి అది ఆకాశమంత. దాంట్లో పెట్టి మొత్తం తీసేశాడు. ఒక షరతు ఉంది, 179 వ్యాపారంలో వచ్చిన లాభం మేరకే పనిచేస్తుంది, బోనస్‌కి ఆ అడ్డు లేదు. ఆయనకి లాభం ఉంది కాబట్టి బతికాడు.

నా సంగతి దీనికి రివర్స్. ఒక ఏడాది డిసెంబర్ 28న వాక్-ఇన్ కూలర్‌కి పూర్తి డబ్బు కట్టి, హమ్మయ్య ఈ ఏడాది డిడక్షన్ అనుకున్నా. బిగించేవాడు ఫిబ్రవరిలో వచ్చాడు. డబ్బు కట్టిన ఏడాది కాదండి, స్విచ్ వేస్తే చల్లబడే స్థితికి వచ్చిన ఏడాది. అప్పట్నుంచి ఏం కొన్నా బిగించిన రోజు ఫోన్‌లో ఒక ఫోటో తీసి పెడుతున్నా, తేదీతో సహా.

ఆగిపోయే తేదీలు కూడా గోడ మీద రాసి పెట్టుకోవాలి. ఎలక్ట్రిక్ బండ్ల మీద ఉన్న క్రెడిట్లు, బిజినెస్ బండ్లకి ఇచ్చేది కూడా, 2025 సెప్టెంబర్ 30 తర్వాత కొంటే లేవు. మోటెల్ పార్కింగ్‌లో చార్జర్ పెట్టిస్తే వచ్చే క్రెడిట్‌కి 2026 జూన్ 30 ఆఖరు, అదీ చార్జర్ పెట్టేది అర్హత ఉన్న ఏరియాలో అయితేనే. టిప్పుల మీద, ఓవర్‌టైమ్ మీద ఇచ్చిన డిడక్షన్లు 2025 నుంచి 2028 వరకే.

చట్టం వెనక్కి కూడా వెళ్ళగలదు. కోవిడ్ టైమ్‌లో పనివాళ్ళని తీసేయకుండా ఉంచినందుకు ఇచ్చిన ఎంప్లాయీ రిటెన్షన్ క్రెడిట్ గుర్తుందా, ఫోన్లు చేసి మరీ పర్సెంటేజ్ మీద ఫైల్ చేసిపెట్టిన ఏజెంట్లు గుర్తున్నారా. 2021 మూడు, నాలుగు క్వార్టర్లకి 2024 జనవరి 31 తర్వాత వేసిన క్లెయిములు ఇంకా చెల్లించకుండా ఉంటే ఇక ఇవ్వరు అని ఈ చట్టమే రాసేసింది, ఆ క్వార్టర్లని తిరిగి చూడ్డానికి ఐఆర్ఎస్‌కి ఆరేళ్ళ టైమ్ ఇచ్చింది. ఆ కాగితాలు పారేయకండి.

స్టెప్ 4: లెక్క మీరే వేయండి, ఎన్వలప్ వెనకాల అయినా సరే

మోటెల్‌లో టీవీలు, మంచాలు, ఏసీలు కలిపి 80,000 డాలర్లు పెట్టారనుకోండి, ఎస్ కార్ప్, మీ బ్రాకెట్ 24 శాతం. మొత్తం డిడక్షన్ తీసుకుంటే 19,200 మిగులుతుందని సేల్స్‌మాన్ చెప్తాడు. కానీ ఆ 80 వేలు లాభంలోంచి తీసేశారు కాబట్టి, లాభం మీద వచ్చే 20 శాతం క్యూబీఐ డిడక్షన్ కూడా 16 వేలు తగ్గుతుంది. నికరంగా తగ్గింది 64 వేలు, దాని మీద 24 శాతం అంటే 15,360. ఇదీ మీ జేబులో మిగిలేది. 80 వేలు ఖర్చు పెట్టి 15 వేలు మిగిల్చుకోవడం అన్నమాట, ఏసీలు నిజంగా పాడైతే మంచిదే, ట్యాక్స్ కోసమే అయితే ఎవరో ఒకరు మీకు అంటగట్టారు.

అప్పు చేసి కొంటే ఇంకో సంగతి. డిడక్షన్ మొత్తం మొదటి ఏడాదే వచ్చేస్తుంది, అప్పు మాత్రం ఐదేళ్ళు కట్టాలి. మూడో ఏడాది అసలు కడుతుంటే చూపించడానికి డిడక్షన్ ఉండదు, ట్యాక్స్ కట్టగా మిగిలిన డబ్బులోంచే కట్టాలి. మొదటేడాది మిగిలిన దాంట్లో కొంచెం వేరే అకౌంట్‌లో వేసి ముట్టుకోకుండా ఉంచండి.

డిడక్షన్ వేరు క్రెడిట్ వేరు, ఇది వందసార్లు చెప్పినా తక్కువే. డిడక్షన్ ఆదాయంలోంచి పోతుంది, క్రెడిట్ నేరుగా ట్యాక్స్‌లోంచే పోతుంది. 5,000 డిడక్షన్ అంటే 24 శాతం వాడికి 1,200, 5,000 క్రెడిట్ అంటే 5,000.

సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తూ మోటెల్‌లోనో గ్యాస్ స్టేషన్‌లోనో వాటా కొన్నవాళ్ళకి ఒక మాట. కె-1 (మీ వాటా లాభనష్టాలు చూపే కాగితం) మీద పెద్ద నష్టం కనిపిస్తుంది, జీతం మీద ట్యాక్స్ తగ్గుతుందని ఊహించుకుంటారు. అక్కడ మీరు నిజంగా పనిచేయకపోతే, మామూలుగా చూసే కొలత ఏడాదికి 500 గంటలు పైన, అది ప్యాసివ్ నష్టం, జీతంలోంచి తీయనివ్వరు. పోదు, రాబోయే ఏళ్ళకి మోసుకెళ్ళొచ్చు, కానీ ఈ ఏప్రిల్‌లో పనికిరాదు. వాటా అమ్మేవాడు ఈ ముక్క చెప్పడు.

స్టేట్ కూడా చూడాలి. మా టెక్సాస్‌లో పర్సనల్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి మాకు హాయి. న్యూజెర్సీ, కాలిఫోర్నియా వాళ్ళు ఫెడరల్ బోనస్ డిప్రిసియేషన్‌ని ఒప్పుకోరు, కాలిఫోర్నియాలో 179 కూడా 25,000 వరకే. అంటే ఒకే ఫ్రీజర్‌కి రెండు లెక్కల పుస్తకాలు. న్యూజెర్సీ ఎడిసన్‌లో షాపున్న మా కజిన్‌కి ఫెడరల్‌లో నష్టం, స్టేట్‌లో లాభం వచ్చింది ఒకే ఏడాది, వాడు ఇప్పటికీ నమ్మడు.

స్టెప్ 5: సాఫ్ట్‌వేర్ కంపెనీ అయితే, టీమ్ ఎక్కడ కూర్చుందో రాసుకోండి

ఇది మన వాళ్ళకి అన్నిటికంటే పెద్దది, మాట్లాడేది మాత్రం తక్కువ. 2017 చట్టంలో ఒక టైమ్ బాంబు పెట్టారు, 2022 నుంచి సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ ఖర్చుని ఆ ఏడాదే తీసేయకూడదు, అమెరికాలో చేస్తే 5 ఏళ్ళకి, బయట చేస్తే 15 ఏళ్ళకి పంచాలి అని. లెక్క చూడండి, పది లక్షల డాలర్ల రెవెన్యూ, తొమ్మిది లక్షలు డెవలపర్ల జీతాలు, నిజంగా మిగిలింది లక్ష. మొదటి ఏడాది అర సంవత్సరం లెక్క కాబట్టి తీసేయనిచ్చింది 90 వేలే, ఐఆర్ఎస్ దృష్టిలో లాభం 9 లక్షల 10 వేలు. అదే టీమ్ మొత్తం హైదరాబాద్‌లో ఉంటే తీసేయనిచ్చింది 30 వేలు. చేతిలో లేని లాభానికి ట్యాక్స్ కట్టడానికి లైన్ ఆఫ్ క్రెడిట్ తీసినవాళ్ళున్నారు.

2025లో మొదలయ్యే ట్యాక్స్ ఏడాది నుంచి అమెరికాలో చేసిన పనికి ఆ బాధ పోయింది, ఆ ఏడాదే మొత్తం తీసేయొచ్చు. గత మూడేళ్ళ సగటు రెవెన్యూ 31 మిలియన్ డాలర్లు మించని చిన్న కంపెనీలు వెనక్కి వెళ్ళి 2022 నుంచి రిటర్న్‌లు సవరించుకునే వీలు కూడా ఇచ్చారు, దానికి గడువు 2026 జులై మొదటి వారం. సవరించే ఓపిక లేకపోతే ఇంకా మిగిలిపోయిన ముక్కని 2025లోనే ఒకేసారి, లేదా 2025, 2026 రెండేళ్ళలో తీసేసుకోవచ్చు.

హైదరాబాద్, విజయవాడ టీమ్‌కి మాత్రం 15 ఏళ్ళే, మారలేదు. అందుకని జీతాల ఖర్చుని దేశాల వారీగా, డెవలప్‌మెంట్, సపోర్ట్ అని పని వారీగా విడివిడిగా పెట్టండి. పాత కోడ్ మెయింటెనెన్స్, కస్టమర్ సపోర్ట్ ఈ రూల్ కిందకి రావు, అన్నీ ఒకే ఇన్‌వాయిస్‌లో "ఆఫ్‌షోర్ సర్వీసెస్" అని కుక్కితే తర్వాత విడదీయడం మీ సీపీఏ తరం కాదు. క్లయింట్ రిస్క్ మీద, క్లయింట్‌కే హక్కులుండేలా గంటల లెక్కన రాసిచ్చే పని కూడా వేరేగా చూస్తారు, కాంట్రాక్ట్ కాగితం చూపించి అడగండి.

స్టెప్ 6: పేరోల్ వాడికి ఫోన్

రెస్టారెంట్లో కుర్రాళ్ళు వచ్చి "అన్నా, టిప్స్ మీద ట్యాక్స్ లేదంట కదా, ఎందుకు కట్ చేస్తున్నావ్" అని అడుగుతారు. చెప్పండి, అది వాళ్ళ సొంత రిటర్న్‌లో తీసుకునే డిడక్షన్, ఏడాదికి 25,000 వరకు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కటింగ్ మాత్రం మామూలే, మీ వాటా 7.65 శాతం కూడా మామూలే. ఓవర్‌టైమ్ అయితే ఒకటిన్నర రెట్లలో ఆ అర భాగానికే, 12,500 వరకు.

మీరు బిల్లులో ఆటోమేటిక్‌గా 18 శాతం కొడితే అది టిప్ కాదు, సర్వీస్ చార్జ్, దానికి ఈ డిడక్షన్ రాదు. కస్టమర్ తన ఇష్టంతో ఇచ్చిందే టిప్. పెద్ద గ్రూపులకి ఆటో కొట్టేవాళ్ళు మెషీన్‌లో ఈ రెండిటినీ వేరు చేయించండి, లేకపోతే జనవరిలో డబ్ల్యూ-2 (ఏడాది జీతం కాగితం) దగ్గర గొడవ.

బయటివాళ్ళకి ఇచ్చిన డబ్బు రిపోర్ట్ చేసే 1099 ఫారాలు కూడా మారాయి, 2026లో ఇచ్చే పేమెంట్ల నుంచి కాంట్రాక్టర్‌కి 600 బదులు 2,000 లేదా ఆ పైన ఇస్తేనే పంపాలి, పేమెంట్ యాప్‌లు, సైట్లు పంపే 1099-కె పాత 20,000 డాలర్లు, 200 లావాదేవీల లెక్కకి వెళ్ళిపోయింది. కాగితం రాలేదంటే ఆదాయం కాదని మాత్రం కాదు, ఆ వాదన ఆడిట్‌లో నిలబడదు.

స్టెప్ 7: లోన్ కావాలంటే అక్టోబర్ 1ని చూసి అప్లై చేయండి

ట్యాక్స్ చట్టం ఒకెత్తు, ప్రభుత్వానికి ఖర్చుల డబ్బు ఇచ్చే బిల్లు ఇంకోఎత్తు. ఫెడరల్ ఏడాది అక్టోబర్ 1న మొదలవుతుంది, ఆ రోజుకి బడ్జెట్ బిల్లు పాసవ్వకపోతే షట్‌డౌన్. మోటెల్ కొనే మనవాళ్ళలో చాలామంది వెళ్ళేది ఎస్‌బీఏ (చిన్న బిజినెస్‌ల ఫెడరల్ సంస్థ) లోన్లకే, 7(ఎ) కింద 50 లక్షల డాలర్ల వరకు ఇస్తారు, లక్షా యాభై వేల వరకు 85 శాతం, ఆ పైన 75 శాతం గ్యారంటీ ఫెడరల్ ప్రభుత్వానిది. డబ్బిచ్చేది బ్యాంకే అయినా ఎస్‌బీఏ నుంచి లోన్ నంబర్ రాకపోతే బ్యాంక్ కదలదు. 2025 అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా 43 రోజులు మూసేస్తే కొత్త 7(ఎ) లోన్లు, ఎస్‌బీఏదే ఇంకో రకమైన 504 లోన్ల అప్రూవల్ ఆగిపోయింది. సెల్లర్‌కి ఎర్నెస్ట్ మనీ (అడ్వాన్స్) కట్టి, అక్టోబర్ మధ్యలో క్లోజింగ్ పెట్టుకున్నవాళ్ళ పరిస్థితి ఊహించుకోండి.

అందుకని ఫాల్‌లో కొనే ఆలోచన ఉంటే లోన్ నంబర్ సెప్టెంబర్ లోపు చేతికొచ్చేలా జూన్‌లోనే ఫైల్ మొదలెట్టండి, నంబర్ వచ్చేసిన లోన్లు షట్‌డౌన్‌లో కూడా క్లోజ్ చేసుకోవచ్చు. కొనుగోలు అగ్రిమెంట్‌లో "ప్రభుత్వం మూసేస్తే క్లోజింగ్ డేట్ అన్ని రోజులు పొడిగించాలి" అని ఒక లైన్ లాయర్ చేత రాయించండి. ఫ్లడ్ జోన్‌లో ఉన్న ప్రాపర్టీ అయితే కొత్త ఫెడరల్ ఫ్లడ్ ఇన్సూరెన్స్ పాలసీలు కూడా అప్పుడే ఆగాయి, ప్రైవేట్ కోట్ ఒకటి పక్కన పెట్టుకోండి.

ఇంకోటి, పార్ట్‌నర్లలో ఎవరికి ఏ ఇమిగ్రేషన్ స్టేటస్ ఉందో బ్యాంక్ మొదటి రోజే అడుగుతుంది, దాచకండి. ఈ రూల్‌ని 2025 నుంచి బిగిస్తూనే వస్తున్నారు, చిన్న వాటా ఉన్న హెచ్-1బి పార్ట్‌నర్ ఒక్కడి వల్ల మొత్తం ఫైల్ వెనక్కొచ్చేస్తుంది. గ్రీన్ కార్డ్ వాళ్ళున్నా సరే అప్లికేషన్ ఫీజు కట్టేముందే ఈ వారం రూల్ ఏంటో లెండర్‌ని ఈమెయిల్‌లో రాసి అడగండి, ఫోన్‌లో చెప్పింది తర్వాత ఎవరికీ గుర్తుండదు.